బోర్డు మీద వీరబ్రహ్మం

తెనాలి,
7 జూలై 2024.

అత్తా,

ఈ కాలంలో ఉత్తరం ఏంటని నవ్వకు. ఫోనులో నా మాట నీ చెవులకు సగమే అందుతుంది. మిగతా సగం నీకు తోచినట్టు పూరించుకుంటావు. పోయిన నెల జ్వరం తగ్గిందని చెబితే పెరిగిందనుకుని, బాపట్లలో ఉన్న నాన్నను తెనాలి పరుగెత్తించావు. అది ఒక కారణం. రెండోది, నా ఉద్యోగమే పొద్దస్తమానం ఫోను చూడటం. ఇంటికొచ్చాక దాన్ని ముట్టుకోవాలంటే రోతగా ఉంటోంది.

ఉద్యోగం ఏంటో వివరంగా రాయమన్నావు. కంపెనీ పేరు తీరబంధు. ఆఫీసు మారిస్‌పేటలో ఒక బట్టల కొట్టు పై అంతస్తు. సముద్రం మీదికి వెళ్లే పడవల్లో బిగించుకునే చిన్న పెట్టె ఒకటి అమ్ముతారు. ఆపద వస్తే దాని మీద ఎర్ర మీట నొక్కాలి. అప్పుడు ఒడ్డున ఉన్న మా వాళ్లకు కబురు అందుతుంది, పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది అని కంపెనీ మాట. పెట్టె కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు కలిసి ఫోనులో ఒక గ్రూపు. రెండువేల పైచిలుకు మంది. ఆ గ్రూపును చూసుకోవడం నా పని. నా కార్డు మీద కమ్యూనిటీ మేనేజర్ అని వేశారు.

చూసుకోవడమంటే పొద్దున్నే తామరపువ్వు బొమ్మతో శుభోదయం పెట్టాలి. పదింటికి 'మీ పడవ రంగేంటి?' అని అడగాలి. నీలం అన్నవాడికీ పసుపు అన్నవాడికీ 'సూపర్ అన్నా' అని జవాబివ్వాలి. ఎక్కువసార్లు రాసినవాళ్లకు 'సముద్ర వీరుడు' అని బిరుదు. మొదటి నెల బిరుదు కొట్టేసినాయన చేబ్రోలులో మందుల షాపు నడుపుతాడు, పడవ ఎక్కిన పాపాన పోలేదు. నాకు నవ్వాగలేదు. మా సారు వినయ్ కుమార్ గారికి మాత్రం నవ్వు రాలేదు.

నువ్వు దీన్ని సంఘసేవ అని గుడిలో చాటకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ కోడలుపిల్ల,
హెప్సిబా

*

రేపల్లె,
15 జూలై 2024.

కోడలుపిల్లను దీవించి అత్త కృపమ్మ రాస్తున్నది. మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా దేవుని దయవల్ల నా మాట వింటోంది.

చాటొద్దన్న ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆదివారమే చాటేశాను. ఇంక చేసేదేం లేదు. మన పాస్టరు గారికి ఉన్నది మూడొందల గడప, నీకు రెండువేలమంది. ముప్పై ఆరేళ్లు బడిలో నలభైమంది పిల్లల్ని సంబాళించలేక నా గొంతు పోయింది. అంతమందిని ఒక్క పిల్ల చూసుకోవడం మాటలా? పడవ రంగు అడగడంలో తప్పేముంది? ఊరి కరణం కూడా ముందు పశువుల క్షేమం అడిగాకే పన్ను మాట ఎత్తేవాడు.

స్త్రీల సమాజంలో అందరూ సంతోషించారు. నీ ఉద్యోగం కోసం గుడి వాకిట్లో నల్లబోర్డు మీద నీ పేరు రాశాను కదా, ఆదివారం లేచి, ఉద్యోగం వచ్చిందని చెప్పి, అందరి ముందూ తుడిచాను. నువ్వు చిన్నప్పుడు ఒకసారి ఆ బోర్డు మీద ఎవరి పేరో తుడిచి నా చేత దెబ్బలు తిన్నావు, గుర్తుందా? ప్రార్థన కోసం పేరు ఎక్కించినవాళ్లే వచ్చి, కారణం నోటితో చెప్పి, తుడవాలి. మంచి జరిగినా, చెడు జరిగినా అంతే. అది మన గుడి కట్టడి.

మహాలక్ష్మికి కూడా నీ సంగతి చెప్పాను. నిజాంపట్నం నుంచి ప్రతి మంగళవారం ఎండుచేపల గంప ఎత్తుకొచ్చే మహాలక్ష్మే, ముప్పై ఏళ్లుగా నా గడపలో కూర్చుని మంచినీళ్లు తాగనిదే వీధిలోకి వెళ్లదు. వాళ్లాయన సింగరయ్యకు ఇంజిన్ పడవ ఉంది. "మీ కోడలు మా వాళ్లని చూసుకుంటందంటే మాకు ధైర్యమేనక్కా" అంది. విన్నావా?

ఆశీస్సులతో,
మీ అత్త

*

తెనాలి,
22 సెప్టెంబరు 2024.

అత్తా,

మూడొందల గడప పాస్టరు గారితో పోల్చావు, నా కాపరితనం ఎలా ఉందో విను.

మొన్న ఒకాయన తన తల్లి పోయిందని గ్రూపులో రాశాడు. ముక్కులో దూది పెట్టిన ఫోటో కూడా పెట్టాడు. మూడొందల పన్నెండు మంది దాని కింద హృదయం గుర్తు నొక్కారు. వినయ్ గారు ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచారు. "హెప్సిబా, ఇలాంటిది వారానికొకటి పడాలి" అన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదత్తా. రోజూ మా అందరికీ టిఫిన్ తెప్పిస్తారు. ఆ మాట కూడా ఇడ్లీ నములుతూనే అన్నారు. నేను ప్లేటు పక్కకు జరిపేశాను. కానీ ఆ అంకెను రిపోర్టులో ఎక్కించింది నేనే.

పెట్టె బాగోలేదని ఎవరు రాసినా అరగంటలో తీసెయ్యాలి. దాన్ని ఇక్కడ శుభ్రం చెయ్యడం అంటారు. మళ్లీ రాస్తే మనిషినే గ్రూపులోంచి తీసెయ్యాలి. రోజుకు నాలుగైదు ఉంటాయి. చేపలు కడిగిన చేతులకు వాసన వదలనట్టు, సాయంత్రానికి నా వేళ్లు నాకే అసహ్యంగా ఉంటాయి. తీసేసిన చోట మంచి మాటలు నింపాలట. అందుకని జాలర్ల కథలు రాసే పని కూడా నాకే అంటగట్టారు. నువ్వు దిద్దించిన తెలుగు ఇలా అక్కరకొస్తోంది.

పైన పటారం, లోన లొటారం. మానేద్దామని ఉంది. నాన్నతో అంటే, గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాను, ఏ ఉద్యోగం వాసన రాదు, అన్నాడు. నువ్వేమంటావు?

హెప్సిబా

*

రేపల్లె,
12 నవంబరు 2024.

కోడలా,

మోకాలికి సూది వేయించుకుని మంచాన పడ్డాను, జవాబు ఆలస్యమైంది. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తకు. చెడ్డమాటలు తుడిచి మంచిమాటలు రాయడానికి అంత రోతేంటి? నేను నల్లబల్ల మీద చేసింది అదే కదా. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, అన్నంలో ఒక రాయి తగిలితే కంచమంతా తోసేస్తావు.

ఇక అసలు సంగతి. పోయిన మంగళవారం మహాలక్ష్మి ఎండు మెత్తళ్లు చుట్టి తెచ్చిన కాగితం మీ కంపెనీదే. రేవులో పంచారట. "ఏం రాశారో చదివి పెట్టండక్కా" అని కూర్చుంది. చదివాను. అడవులదీవి వీరబ్రహ్మం గారి సంగతి. నడిసముద్రంలో పడవ మునిగిపోయి, పెట్టె మీట నొక్కి, ప్రాణంతో బయటపడిన వైనం. పడవా పోయింది, వలా పోయింది, ఇంట్లో భార్య జబ్బుతో ఉంది. 'సముద్రం నన్ను మింగింది, ఈ పెట్టె కక్కించింది' అన్న చోట నాకు బైబిల్లో చేప మింగి కక్కిన యోనా గుర్తొచ్చి, ఆ ముక్క మళ్లీ చదివాను. మహాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే పెట్టె కొనడానికి సింగరయ్యను ఒప్పించిందట.

ఆదివారం ఆ కాగితం గుడిలో చదివాను. వీరబ్రహ్మం గారి పేరు బోర్డు మీద నేనే రాశాను. స్త్రీల సమాజం వాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఆయన ఇంటి కోసం పిడికెడు బియ్యం తీసి పెడుతున్నారు. డబ్బాలో అప్పుడే రెండు కుంచాలయ్యాయి. ఆయన చిరునామా పంపు, ఆటో మాట్లాడుకుని మేమే వెళ్లి ఇచ్చొస్తాం.

ఆ కథ రాసింది నువ్వే కదూ? వాక్యం చూడగానే పోల్చాను. గర్వంగా ఉంది.

మీ అత్త

*

తెనాలి,
18 నవంబరు 2024.
(రాశాను, పోస్టు చెయ్యలేదు.)

అత్తా,

వీరబ్రహ్మం అనే మనిషి లేడు.

ఒక గురువారం, అన్నానికి లేచేముందు, ఇరవై నిమిషాల్లో రాశాను. కక్కించడం మాట నువ్వు ఆదివారం బడిలో చెప్పిన యోనా కథలోంచే ఎత్తాను. ఆయన పేరుతో గ్రూపులో ఒక ఖాతా తెరిచాను. ఇలాంటివాళ్లు ఏడుగురున్నారు, ఏడుగురూ నేనే. ఒకడు బాధపడితే మిగతా ఆరుగురూ ఓదారుస్తారు. నిజం మనుషులు కూడా వచ్చి కళ్లనీళ్ల బొమ్మలు పెడతారు. వాళ్లందరికీ వీరబ్రహ్మంగా నేను దండాలు పెడతాను.

నువ్వు గుడిలో నిలబడి చదివావు. ఆ ఆడవాళ్లు తమ ఎసట్లోంచి తీసి పెడుతున్నారు. నీ ఉత్తరం మడిచాక నా మీద నాకే రోత పుట్టింది. వాష్ బేసిన్ దగ్గరికి వెళ్లి సబ్బుతో వేళ్లు రుద్దుకున్నాను.

*

తెనాలి,
20 నవంబరు 2024.

అత్తా,

నీ మోకాలు జాగ్రత్త. ఆ వీరబ్రహ్మం గారు కుటుంబంతో కాకినాడ వైపు వెళ్లిపోయారట, చిరునామా మా దగ్గర లేదు. ఆయన పేరు బోర్డు మీద నుంచి తుడిచెయ్యి. బియ్యం ఆపించు. మన గుడివాడు కూడా కాదు కదా, ఎందుకివన్నీ?

హెప్సిబా

*

రేపల్లె,
9 డిసెంబరు 2024.

హెప్సిబా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నా కళ్లను నేనే నమ్మలేక. మన గుడివాడు కాదా? నీకు ఆ బుద్ధి ఎవరు నేర్పారు? మీ నాన్న పుట్టినప్పుడు మా అమ్మకు పాలు పడకపోతే పాలిచ్చింది ఎవరో, ఏ వాడ మనిషో మీ నాన్ననే అడుగు. సముద్రం మునగబోయేవాడి కులం అడుగుతుందా? పట్నం ఉద్యోగం నీకు ఇదే నేర్పితే చెప్పుకోవడానికి నాకు సిగ్గు. పేరు తుడవను. ఆయన ఏ ఊళ్లో ఉన్నా బాగుపడ్డాడని తెలిసిన రోజున తుడుస్తాను. బియ్యం ఆగదు.

కోపంలో మంచి సంగతి మరిచాను. పెట్టె బిగించిన రోజే సింగరయ్య రేవులో పడవ కట్టేసి ఉండగానే మీట నొక్కి చూశాడట. ఆకుపచ్చ దీపం వెలిగింది. రెండు బీడీలు కాలేదాకా కూర్చున్నా ఎవరూ పలకలేదు. ఆ మాటే గొంతుతో చెప్పి గ్రూపులో పెట్టాడు. కాసేపటికి ఆ మాట కనిపించలేదు. మహాలక్ష్మి కంగారుగా నా దగ్గరికొచ్చింది. నేను నవ్వి చెప్పాను, బల్ల మీద నుంచి అర్జీ తీశారంటే అధికారి అందుకున్నట్టే, తీసింది మా హెప్సీ, సరిచేయించకుండా అది తీయదు అని. వాళ్ల మనసు కుదుటపడింది. నీ మీద ఎంత కోపమొచ్చినా నీ పని మీద నాకు నమ్మకమే.

సింగరయ్య ఇప్పుడు జోడు కూడా మానేశాడు. ఇన్నేళ్లూ ఆయన పడవా, బావమరిది గోపాలకృష్ణ పడవా కలిసే వెళ్లేవి, ఒకరి దీపం ఒకరికి కనిపించే దూరంలో. ఒకరు తిరిగొస్తే రెండోవాళ్లూ రావాలి. గోపాలకృష్ణ పెట్టె వద్దన్నాడు, మాటా మాటా పెరిగింది. పెట్టె ఉండగా నీ తోడెందుకన్నాడట సింగరయ్య.

క్రిస్మస్‌కు రా. నీ ముఖం చూస్తే కోపం పోతుందేమో.

మీ అత్త

*

తెనాలి,
21 డిసెంబరు 2024.

అత్తా,

పండుగ శుభాకాంక్షలు. ఆఫీసులో పని, రాలేను. సింగరయ్య మామను జోడు మాత్రం మానొద్దని చెప్పు. నా మాటగా చెప్పు.

హెప్సి

*

రేపల్లె,
4 మార్చి 2025.

హెప్సిబా,

పండుగ కార్డులో నువ్వు రాసిన మాట నేను వాళ్లకు చెప్పలేదు. బావా బావమరుదుల తగువులో నీకెందుకని ఊరుకున్నాను. ఆ సంగతి ముందు ఒప్పుకుని తర్వాతది రాస్తున్నాను.

సింగరయ్య పోయిన నెల ఇరవై మూడున జోడు లేకుండా వెళ్లాడు. తోడు పనివాడొకడు. రెండో రోజు ఇంజిన్ ఆగిపోయింది. మీట నొక్కాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. వెలిగింది కనుక ఎవరో బయల్దేరి ఉంటారని ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే పెద్ద బోటొకటి దూరంగా పోయిందట. తువ్వాలు కూడా ఊపలేదు. కబురు అందింది కదా, వాళ్లను ఆపడం ఎందుకని.

ఇక్కడ, పెట్టె కోసం కంపెనీవాళ్లు మహాలక్ష్మి ఫోనులో ఎక్కించిన యాప్‌లో కూడా ఆకుపచ్చ చుక్కే కనిపించింది. చూసుకుని గంప ఎత్తుకుని నా ఇంటికొచ్చింది. మంచినీళ్లు తాగి, కబుర్లు చెప్పి వెళ్లింది. గోపాలకృష్ణ మూడు నెలలుగా వాళ్లతో మాట్లాడటం లేదు. అయినా పాత అలవాటుగా రోజులు లెక్కపెట్టాడట. ఐదో రోజు ఎవరికీ చెప్పకుండా పడవ తీశాడు. బాగా దక్షిణానికి కొట్టుకుపోయి కనిపించారు. నీళ్లు అయిపోయి రెండు రోజులైంది. సింగరయ్య నాలుక వాచిపోయి ఉంది. దీపం అప్పటికీ వెలుగుతూనే ఉందట.

ఇద్దరూ బతికారు. సింగరయ్యకు చూపు మసకగా ఉంది, ఇక్కడ ఆసుపత్రిలోనే ఉన్నాడు. చూడటానికి వెళ్లాను. తిట్టలేదు. ఒక్క మాట అడిగాడు.

"పంతులమ్మ గారూ, రేవులో నేను చెప్పిన మాట తీసింది మీ కోడలేనాండి? సరిచేసే తీసిందాండి?"

నేనేం చెప్పను?

కృపమ్మ

*

తెనాలి,
7 మార్చి 2025.

అత్తా,

తీసింది నేనే. సరిచెయ్యలేదు. పూర్తిగా వినను కూడా లేదు. మొదటి రెండు ముక్కల్లో 'పలకలేదు' అన్న మాట వినిపిస్తే చాలు, తీసేస్తాం.

నీ డిసెంబరు ఉత్తరం చదివి వినయ్ గారిని అడిగాను. హైదరాబాదు హెడ్ ఆఫీసులో చూస్తున్నారు అన్నారు. నమ్మితే నాకు సుఖం కనుక నమ్మాను. కార్డులో ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నాను. సింగరయ్య మామకు ఇది చెప్పు, ఒక్క అక్షరం దాచకు.

నవంబరులో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం ఇందులో పెడుతున్నాను. నువ్వు ఎవరికోసం ప్రార్థిస్తున్నావో అందులో ఉంది. నాకు కులం పట్టింపు లేదత్తా. అంతకంటే నీచమైనది ఉంది, అది దాచడానికి ఆ మాట వాడుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. సింగరయ్య మామ బతికాడని తెలియగానే వినయ్ గారు ఆయన ఫోటో అడిగారు. పెట్టె వల్లే బతికాడని రాయాలట. పడవ మీద దీపం వెలుగుతుంటేనే కదా దొరికాడు, అన్నారు. రాయనన్నాను. రేపు రాజీనామా ఇస్తాను. ఈ కుర్చీ మీద ఇంకొక గంట కూర్చోవాలన్నా ఒళ్లు కంపరమెత్తుతోంది.

హెప్సిబా

*

రేపల్లె,
2 ఏప్రిల్ 2025.

హెప్సిబా,

ఇన్నాళ్లూ నీకు రాయబుద్ధి కాలేదు. కలం పట్టుకుంటే నీ మీద అసహ్యం, పెట్టేస్తే నా మీద అసహ్యం. ఆ అబద్ధం రాసింది నీ చెయ్యే. ముప్పై ఏళ్లు నా గడపలో నీళ్లు తాగిన మనిషికి చదివి వినిపించింది నా నోరు.

మానేశావో లేదో మీ నాన్నను అడిగాను. ఇంకా లేదన్నాడు. మానకు. అడుసు తొక్కినవాళ్లే కాలు కడుక్కోవాలి. గోపాలకృష్ణ రేవులో అందరికీ పెట్టె సంగతి చెబుతున్నాడు, ఒక్కరూ నమ్మడం లేదు. సింగరయ్యకు నొక్కడం రాలేదని మీ కంపెనీ మనుషులు చెప్పిపోయారట. రేవు జనం కూడా, మరి వీరబ్రహ్మం బతికాడు కదా అంటున్నారట. నువ్వు పుట్టించిన వాడి మాట ముందు, ఉన్నవాడి మాట చెల్లడం లేదు.

ఈ నెల పదిహేను నుంచి వేట నిషేధం. జూన్ పదిహేనున పడవలన్నీ ఒకేసారి దిగుతాయి. ఆలోపు నీ వీరబ్రహ్మం సంగతి నువ్వే చూడాలి. ఆ గ్రూపు తాళం నీ చేతిలో ఉన్నది ఇప్పుడే, మానేశాక ఉండదు.

కృపమ్మ

*

బాపట్ల,
12 జూన్ 2025.

అత్తా,

మొన్న పదో తారీకుకు ఉద్యోగంలో చేరి ఏడాది. 'నా మొదటి ఏడాది' అని ఒక పేజీ రాయమన్నారు వినయ్ గారు, కంపెనీ పేజీలో పెట్టడానికి. నేర్చుకున్న ఐదు పాఠాలు, నవ్వుతున్న ఫోటో ఉండాలి. ఆ పేజీ నీకే రాస్తున్నాను.

ఏడాదిలో మూడొందల పైన శుభోదయాలు పెట్టాను. ఏడుగురు మనుషుల్ని పుట్టించాను. నిజం మనుషుల్లో పందొమ్మిది మందిని బయటికి నెట్టాను. జనాన్ని చూసుకోవడమంటే వాళ్లు ఒకరి మాట ఒకరు వినకుండా చూసుకోవడమని నేర్చుకున్నాను. ఇప్పటికి నాలుగువేల మందిని ఒక చోట చేర్చాం, నిజమే. కానీ ఒక పడవవాడు ఇంకో పడవవాడికి చెప్పాల్సిన ఒకే ఒక్క మాట మధ్యలో నేను కూర్చుని మింగేశాను. సముద్రం కాదు మింగింది. ఇది రాస్తుంటే కూడా వాక్యం బాగా కుదిరిందని లోపల ఒక మూల సంతోషపడుతున్నాను. ఆ మూలంటేనే నాకు అన్నిటికంటే రోత.

ఏప్రిల్ నుంచి రోజూ టిఫిన్ వేళ, తీసేసిన మాటలు చేత్తో నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. దీపం వెలిగినా ఎవరూ పలకలేదన్నవి నలభై మూడు. పేరు, ఊరు, తేదీ. సింగరయ్య మామది పదకొండోది. సోమవారం బాపట్లలో కలెక్టరు గారి అర్జీల రోజు. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నా అర్జీ అడిగి తీసుకుని సగం కొట్టేశాడు. "అర్జీలో ఏడుపు ఉండకూడదమ్మా, తేదీలుండాలి" అన్నాడు. తనే మళ్లీ రాసి, క్యూలో నాతో నిలబడ్డాడు. తీసుకుని, చీటీ ఇచ్చారు. విచారిస్తామన్నారు. పదిహేనులోపు అవుతుందని ఎవరూ అనలేదు.

అందుకని మంగళవారం ఆఫీసుకు వెళ్లి, వీరబ్రహ్మం పేరుతో గ్రూపులోకి వెళ్లాను. ఇది పెట్టాను:

'నేను అడవులదీవి వీరబ్రహ్మాన్ని. నాకు పడవ లేదు, వల లేదు, భార్య లేదు. నేనే లేను. తెనాలిలో బట్టల కొట్టు పైన కూర్చుని నన్ను రాసింది హెప్సిబా. నిజాంపట్నం సింగరయ్య ఉన్నాడు. ఆయన రేవులోనే చెప్పాడు, ఆ మాట తీసేసింది కూడా హెప్సిబాయే. ఆకుపచ్చ దీపం వెలిగితే పెట్టెలో కరెంటు ఉందని అర్థం, కబురు అందిందని కాదు. పదిహేనున జోడు లేకుండా దిగకండి.'

కింద నా ఫోను నంబరు పెట్టాను. వలలు బాగుచేసుకుంటూ అందరూ ఒడ్డునే ఉన్న రోజులు కదా, ఇరవై రెండు నిమిషాల్లో తొమ్మిదొందల మంది చూశారు. తర్వాత హైదరాబాదు నుంచి తీసేశారు. అప్పటికే జనం ఒకరికొకరు పంపుకున్నారు. ఫోను ఆగలేదు. బూతులు. అన్నీ విన్నాను, ఏదీ తీసెయ్యలేదు.

వినయ్ గారు అరవలేదు. నా కార్డు తీసుకుని ఒకటే అన్నారు. "అబద్ధం రాయమన్నాను. అంత బాగా రాయమన్నానా?"

బ్యాగు తీసుకుని మెట్లు దిగి, బాపట్ల బస్సెక్కాను.

గుడికి రాలేనత్తా, ముఖం చెల్లదు. ఆ పేరు నువ్వే తుడిచెయ్యి.

హెప్సిబా

*

రేపల్లె,
17 జూన్ 2025.

హెప్సిబా,

ఆదివారం పడవలు దిగాయి. నేను వెళ్లలేదు, మహాలక్ష్మి ఈ పొద్దున వచ్చి చెప్పింది. చాలామంది జోళ్లు కట్టుకునే వెళ్లారట. నాలుగైదు పడవలు మాత్రం ఒంటరిగానే పోయాయి. ఆ పిల్ల కూడా కంపెనీ మనిషే కదా, నిన్నటిదాకా అబద్ధం, ఇవాళ నిజమని ఎట్లా నమ్మేది అన్నారట. వాళ్లను తప్పు పట్టలేను. సింగరయ్యకు చూపు ఇంకా పూర్తిగా రాలేదు. ఆయన పడవను కూడా గోపాలకృష్ణే మనిషిని పెట్టి జోడు తీసుకెళ్లాడు. పెట్టె విప్పేసి ఇచ్చారు. చేపలు ఎండేసే పట్టా ఎగిరిపోకుండా మహాలక్ష్మి దాన్ని బరువుకు పెట్టుకుంది.

బియ్యం సంగతి. ఏడు నెలల బియ్యం డబ్బా తెరిస్తే పురుగు పట్టి ఉంది. మార్చి నుంచి నోరు రాక దాచిన నిజం స్త్రీల సమాజం వాళ్లకు నేనే చెప్పాను. నువ్వు ఊహించుకో. ఒకామె లేచి బయటికి వెళ్లిపోయింది, ఇంకా నాతో మాట్లాడటం లేదు. మిగిలినవాళ్లం నాలుగు చేటలతో కూర్చుని రెండు పూటలు చెరిగాం. మహాలక్ష్మి గంప దించి మాతో కూర్చుంది. చెరిగినవి ఆమెకే ఇవ్వబోతే ముందు వద్దంది. తర్వాత తనే కొంగు పట్టింది. "లేనోడి బియ్యం, ఉన్నోడికి పెడతానక్కా" అంది.

పేరు తుడవమన్నావు. తుడవను. సుద్దముక్క పట్టింది నా చెయ్యి, రాయించింది నువ్వు. ముఖం చెల్లదంటే ఎలా? నాకు చెల్లిందా? వచ్చే ఆదివారం, ఇరవై రెండున, తొమ్మిదిన్నరకల్లా రా. తుడుపుగుడ్డ కిటికీలో ఉంటుంది. కారణం నోటితో చెప్పి తుడవాలి, కట్టడి తెలుసు కదా. నెమ్మదిగా చెప్పు, వెనక వరుస దాకా వినపడాలి. పుట్టి బుద్ధెరిగి గుడి మెట్లు ఎక్కని సింగరయ్య ఆ రోజు వస్తానన్నాడు. "ఆ వీరబ్రహ్మం గారు పోయేటప్పుడు నేను దగ్గరుండాలి గదండి" అన్నాడు. చూపు ఆనదు కనుక మాటే వింటాడు.

వీరబ్రహ్మం పేరు కింద మళ్లీ నీ పేరు కనిపిస్తుంది, మార్చిలో రాసినది. దాన్ని నువ్వు ముట్టుకోకు. అది నేను రాశాను, నేనే తుడవాలి.

మీ అత్త